మలుపు నెఱిగిన వైద్యుడు: ఎరాస్మస్ డార్విన్

అనకాపల్లి జిల్లాలో, నక్కపల్లి మండలమున, సముద్రపుటొడ్డున రాజయ్యపేట యను గ్రామము కలదు. అక్కడివారిలో పెక్కురు చేపలవేటచే జీవించువారు. ఆ యూరినుండి పడమరగా నక్కపల్లి వైపు వచ్చినచో కలకత్తా, చెన్నపట్టణముల నడుమ సాగు జాతీయ రహదారి కనబడును. రాత్రింబవళ్లు లారీలు, బస్సులు, కార్లు ఆ దారిని పోవుచునే యుండును. గ్రామపు బాట రహదారిలో కలియుచోట కొంచెముసేపు నిలిచి, మలుపు తిరుగు బండ్లను పరిశీలింపుడు. ఆటో తన ఒంటి ముందుచక్రమును ప్రక్కకు త్రిప్పి సులువుగా మరలును. ఎడ్లబండికి రెండే చక్రములు. ఎద్దులు ఎటు తిరిగిన అదియు అటే తిరుగును. నాలుగు చక్రముల కారు సంగతి వేఱు. దాని ముందుచక్రములను నిదానించి చూచినచో, అవి రెండును ఒక్క తీరున తిరుగవని తెలియును. మలుపునకు లోపలి వైపున నున్న చక్రము ఎక్కువగాను, వెలుపలి వైపున నున్నది కొంచెము తక్కువగాను తిరుగును. ఈ స్వల్పభేదము లేనిచో చక్రములు నేలమీద చక్కగా దొర్లక రాచుకొనుచు ఈడ్వబడును, టైర్లు అరిగిపోవును, స్టీరింగు త్రిప్పువాని చేతులకు బరువగును.

మోటారు పనివారు ఈ యమరికను ఆకర్‌మన్ స్టీరింగు అని వ్యవహరింతురు. కాని దీనిని మొదట ఊహించినవాడు ఆకర్‌మన్ కాడు. మోటారుబండ్లు పుట్టుటకు నూఱేండ్లకు ముందే, గుఱ్ఱపుబండిలో రోగుల యిండ్లకు తిరుగుచుండిన యొక యింగ్లీషు వైద్యుడు దీనిని కనిపెట్టి, తన బండికి అమర్చుకొని, దానిలోనే వేలకొలది మైళ్లు ప్రయాణము చేసెను. ఆయన పేరు ఎరాస్మస్ డార్విన్. జీవపరిణామ సిద్ధాంతముచే జగత్ప్రసిద్ధుడైన ఛార్లెస్ డార్విన్ ఈయనకు మనుమడు. మనుమని కీర్తి తాతగారి కీర్తిని చాలవఱకు కప్పివేసినది కాని, తన కాలమున తాతగారు దేశమంతట పేరెన్నికగన్నవాడే.

ఎరాస్మస్ 1731వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన నాటింగ్‌హాము మండలములోని ఎల్‌స్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఏడుగురు సంతానములో ఎరాస్మస్ కడగొట్టువాడు. బాల్యముననే ఆయనకు పద్యములయందును యంత్రములయందును మక్కువ యేర్పడెను. చిన్ననాడే తన గడియారమునకు మేలుకొలుపు గంట నొకదానిని అమర్చుకొనెననియు, విద్యుచ్ఛక్తితో ఏవో చిన్న పరిశోధనలు చేయుచుండెననియు ఆయన యన్న వ్రాసియుంచెను. చెస్టర్‌ఫీల్డు పాఠశాలలో చదువు ముగించి, కేంబ్రిడ్జిలోను, పిమ్మట ఎడింబరోలోను వైద్యశాస్త్ర మభ్యసించెను.

1756లో నాటింగ్‌హాము పట్టణమున వైద్యశాల తెఱచి కూర్చుండెను. ఒక్కరును రాలేదు. ఇరువదినాలుగేండ్ల కొత్త వైద్యుని చేతిలో ప్రాణములు పెట్టుటకు ఎవరికి ధైర్యముండును? కొన్ని మాసములు వేచి, ఆ సంవత్సరము నవంబరులో లిచ్‌ఫీల్డు అను పట్టణమునకు మకాము మార్చెను. అక్కడ అదృష్టము కలిసివచ్చెను. ఆ ప్రాంతపు గొప్పకుటుంబములోని యొక యువకుడు తీవ్రమైన జ్వరముతో మంచమెక్కియుండగా, పేరుగల యొక వైద్యుడు ఆశ వదలుకొని వెడలిపోయెను. ఎరాస్మస్ వేఱొక విధమైన చికిత్స చేసి అతనిని బ్రతికించెను. ఆ వార్త చుట్టుప్రక్కల వ్యాపించుటతో ఆయన వాకిట జనము నిండెను. 1757 కడపట మేరీ హోవర్డు అను యువతిని వివాహమాడెను.

ఆయన భారీ శరీరుడు. మశూచికము వలన ముఖమున మచ్చలుండెను. మాట నత్తిగా వచ్చుచుండెను. ఇట్టి మనుష్యుడు వైద్యుడుగా రాణించుట చిత్రమే. కాని రోగియెదుట కూర్చుండి, ఓపికగా విని, ఆలోచించి చెప్పు ఆయన తీరునకు ధనికులును దరిద్రులును సమానముగా ఆకర్షింపబడిరి. పేదలయొద్ద ఆయన డబ్బు పుచ్చుకొనెడివాడు కాడు. ఒక్కొక్కప్పుడు తానే వారికి ఆహారము కూడ పంపుచుండెను. ఆయన కీర్తిని విని మూడవ జార్జి రాజు, ఈ వైద్యుడు లండనునకు వచ్చినచో తన కొలువులో చేర్చుకొందునని పలికెనని చెప్పుదురు. ఆయన మాత్రము పోలేదు.

నాటి వైద్యునికి నేటివలె రోగులు ఆసుపత్రికి వచ్చువారు కారు. వైద్యుడే రోగిని వెదకికొనుచు పోవలయును. ఎరాస్మస్ రోగులు ఇరువది, ముప్పది మైళ్ల దూరపు పల్లెలలో చెదరియుండిరి. రహదారులనిన పేరునకే రహదారులు. వానకాలమున బురద, ఎండకాలమున గట్టిపడిన గాళ్లు. బండిచక్రము ఆ గాళ్లలో పడినచో పైకి వచ్చుట కష్టము. వచ్చినపుడు బండి ఒరగుట తప్పదు. ఏటా వేలకొలది మైళ్లు ఇట్టి దారులలోనే ఆయన తిరిగెను. అందుచే బండియే ఆయన చదువుగదియు, భోజనశాలయు ఆయెను. ఒక ప్రక్క పుస్తకముల దొంతర, మఱియొక ప్రక్క తినుబండారముల బుట్ట, వ్రాసికొనుటకు కాగితములు, పైకప్పున వెలుతురు వచ్చుటకు ఒక కిటికీ. బండి వెనుక ఒక గుఱ్ఱము కట్టులేకయే జీనుతో వెంబడించుచుండెను. దాని పేరు డాక్టరు. బండి పోలేని దారి యెదురైనచో వైద్యుడు దిగి ఆ డాక్టరు మీద నెక్కి పోవును.

ఇట్లు దినమున కెన్నియో గంటలు బండిలో గడపువానికి బండి యొక్క లోపములు తెలియకుండునా? మొదట ఆ కాలపు బండి యెట్లుండెనో గ్రహింపవలయును.

నాలుగుచక్రముల బండికి ముందు ఇరుసు ఒక్కటే పొడవైన దూలము. దాని నడుమ నిలువుగా ఒక లావుపాటి ఇనుపచీల దిగగొట్టబడి యుండును. గుఱ్ఱములు ప్రక్కకు తిరిగినపుడు, నొగతోపాటు ఇరుసంతయు, రెండు చక్రములతో సహా, ఆ చీలచుట్టును తిరుగును. కొంచెము మలుపైనచో బాధలేదు. మలుపు బిగువైన కొలదియు ఒక చక్రము బండి క్రిందికి దూరును. రెండవది ముందునకు పోవును. నాలుగు మూలలను మోయవలసిన బండి అప్పుడు ఇంచుమించు మూడుచోట్లనే ఆనియుండును. నాలుగుకోళ్ల మంచమునకు తలవైపు కోళ్లు రెండును తీసి, వానికి బదులు నడుమ ఒక్క కోడు పెట్టి, ఒక మూల కూర్చుండి చూడుడు. మంచము ఏమగునో, నాటి బండి మలుపులో అదే యగును. మెల్లగా పోవునపుడు తోలువాడు సర్దుకొనవచ్చును. వేగముగా పోవునపుడు సర్దుకొనుటకు వ్యవధి యుండదు.

మఱియొక చిక్కు రాళ్లతో వచ్చును. ఒక చక్రము రాతికి తగిలినచో, ఆ దెబ్బ ఇరుసు సగము పొడవును మీటగా చేసికొని మొత్తము ఇరుసును గిఱ్ఱున త్రిప్పును. నొగ ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు విసరబడి గుఱ్ఱములను కొట్టును. చక్రము బండిక్రింద దూరుటకు చోటు కావలసి యుండుటచే ముందుచక్రములను చిన్నవిగా చేయవలసివచ్చెను. చిన్నచక్రము గుంటలలో మఱింత సులువుగా దిగబడును. లేదా బండి దూలమును కొంగమెడవలె పైకి వంచి చేయింపవలయును. అప్పుడు బరువును ఖర్చును పెరుగును.

మన దేవాలయముల రథములను చూచినవారికి ఈ చిక్కు మఱియొక రూపమున తెలియును. రథపు ఇరుసులు కదలవు. కావున మూల తిరుగవలసి వచ్చినపుడు చక్రముల క్రింద కొయ్యదిమ్మలు అడ్డముపెట్టి, మోకులు లాగి, అంగుళమంగుళముగా త్రిప్పుదురు. దేవుని ఊరేగింపునకు తొందర లేదు కాబట్టి సరిపోయినది. ప్రాణము మీదికి వచ్చిన రోగి యింటికి పోవు వైద్యునికి ఆ వ్యవధి యెక్కడిది?

1759 ప్రాంతమున ఎరాస్మస్ ఈ చిక్కునకు ఉపాయము కనిపెట్టెను. ఇరుసును కదలనీయక బండికి గట్టిగా బిగించెను. దాని రెండు కొనలయందును, తలుపునకు బందులున్నట్లు, ఒక్కొక్క కీలు పెట్టి, ఆ కీళ్లకు పొట్టి ఇరుసుముక్కలను తగిలించి, వానిపై చక్రముల నెక్కించెను. ఇప్పుడు చక్రము తానున్నచోటనే నిలిచి ప్రక్కకు తిరుగును. బండి క్రిందికి దూరదు. మలుపులో సయితము బండి నాలుగు మూలలను ఆనియే నిలుచును. కీలు చక్రమునకు దగ్గఱగా నున్నందున రాతిదెబ్బకు మీట పొడవు తగ్గి, నొగకు విసురు తగ్గెను. ముందుచక్రములు పెద్దవిగా నుండవచ్చును.

అయినను ఇంకను ఒక సూక్ష్మము కలదు. ఇద్దఱు బాలురు చేతులు పట్టుకొని ఒక చెట్టుచుట్టును తిరిగినచో, చెట్టు దరి నున్నవాడు చిన్న వలయమును, దూరమున నున్నవాడు పెద్ద వలయమును నడచును. బండిచక్రములును అంతే. రెండును ఒకే కోణమున తిరిగినచో, ఒకదాని దారి రెండవదానికి సరిపడక, ఏదో యొకటి నేలను రాచుకొనవలసినదే. కాబట్టి రెండు కీళ్లను కలుపు కమ్మిని, లోపలి చక్రము ఎక్కువ తిరుగునట్లుగా అమర్పవలయును. ఎంత ఎక్కువ? ముందుచక్రముల పొట్టి ఇరుసుల వెంబడి రెండు గీతలు గీసి పొడిగించినచో, అవి రెండును వెనుక ఇరుసు వెంబడి పొడిగించిన గీతమీద ఒకే బిందువున కలియవలయును. ఆ బిందువే బండి తిరుగు వలయమునకు కేంద్రము. ఉదాహరణమునకు ముందు వెనుక ఇరుసుల నడుమ 2.4 మీటర్లును, ఎడమకుడి చక్రముల నడుమ 1.4 మీటర్లును గల కారు, తన వెనుక ఇరుసు నడుమనుండి 6 మీటర్ల దూరమున కేంద్రముంచుకొని తిరుగుచున్నదనుకొనుడు. లోపలి ముందుచక్రము సుమారు 24 డిగ్రీలును, వెలుపలిది సుమారు 20 డిగ్రీలును తిరుగవలయును. కాగితముమీద కోణమానినితో గీచి ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

ఎరాస్మస్ దీనిని కాగితముమీద విడిచిపెట్టలేదు. ప్రత్యేకముగా రెండు బండ్లు చేయించి, వానిలో 20,000 మైళ్లకు పైగా తిరిగి పరీక్షించెను. ఇంతటి పరీక్షకు నిలిచిన యంత్రములు ఆ కాలమున అరుదు. ప్రతి మైలును ఒక రోగి యింటికి పోవు మైలో, తిరిగివచ్చు మైలో అయియుండుటచే, పరీక్షకు ప్రత్యేకముగా ఖర్చును కాలేదు!

ఈ బండి ఆయనకు ఒక జీవితకాలపు స్నేహితుని సంపాదించిపెట్టెను. రిచర్డు లోవెల్ ఎడ్జ్‌వర్తు అను ఐర్లండు యువకుడు, యంత్రములయందు పిచ్చి గలవాడు, లిచ్‌ఫీల్డు వైద్యుని బండి చిన్నచోటనే బోల్తాపడక తిరుగునని ఒకరి వలన వినెను. వినినంత మాత్రముననే ఊహించుకొని తానొక బండిని చేయించి, లండనులోని కళాసంఘమువారికి చూపెను. ఊహ మాత్రము డాక్టరు డార్విన్‌దని వారికి చెప్పుట మఱువలేదు. సంగతి తెలుపుచు ఎరాస్మస్‌కు ఉత్తరము వ్రాసెను. ఉత్తరమంతయు బండినిగూర్చియే యుండుటచే, వ్రాసినవాడు బండ్లు చేయు వడ్రంగి యని ఎరాస్మస్ తలచి, ఒకసారి వచ్చిపొమ్మని ఆహ్వానించెను.

1766లో ఎడ్జ్‌వర్తు లిచ్‌ఫీల్డు వచ్చునప్పటికి వైద్యుడు ఇంట లేడు. ఆయన భార్య అతిథిని ఆదరించి మాటలలో పెట్టెను. ప్రొద్దుపోయిన పిమ్మట వీథి తలుపు దబదబ మ్రోగెను. దీపములు పట్టుకొని పోయి చూడగా, బండిలోనుండి ఒక మనుష్యుని శవమువలె మోసికొని తెచ్చుచుండిరి. అతడు చావలేదు, త్రాగి ఒడలు తెలియక దారిప్రక్క గుంటలో పడి, ఊపిరాడక యుండగా వైద్యుడు చూచి తన బండిలో వేసికొని వచ్చెను. దీపము దగ్గఱకు తెచ్చి చూచినపుడు కదా, ఆ మనుష్యుడు తన భార్యకు తోడబుట్టినవాడని వైద్యునికే తెలిసెను! మద్యపానము మానుడని ఊరందఱికిని బోధించు వైద్యుని యింట ఇట్లు జరుగుట గమనింపదగినది. ఆ రాత్రి భోజనసమయమున జరిగిన సంభాషణము వలన, తాను వడ్రంగి యనుకొన్నవాడు విద్యావంతుడైన జమీందారు కుమారుడని తెలిసికొని ఎరాస్మస్ ఆశ్చర్యపడెను. ఆ స్నేహము ముప్పదియాఱేండ్లు నిలిచెను.

ఎరాస్మస్‌కు బండ్లమీద ఊహలు అంతటితో ఆగలేదు. మిక్కిలి యెత్తైన రెండు చక్రములపై ఒక బల్లయు ఆసనమును నిలిపి, దాని ముందుభాగమును తొండమువలె వంచి గుఱ్ఱపు జీనుమీది ఇనుపకడియమునకు తగిలించి, మఱియొక వింతబండిని చేయించెను. గుఱ్ఱము దారిలో ఇటునటు స్వేచ్ఛగా తప్పుకొనుచు గాళ్లను తప్పించుకొనవచ్చునని ఆయన యాశ. ఫలితము వేఱుగా నుండెను. దానిమీదనుండి పలుమాఱులు పడెను. 1768లో పడినపుడు కుడి మోకాటిచిప్ప పగిలెను. నాటినుండి మరణించు వఱకు ఆయన కుంటుచునే నడచెను. ఈ రెండు బండ్లను ఒక్కటిగా తలచి, ఆయన స్టీరింగే ఆయన కాలు విఱుగగొట్టెనని కొందఱు పొరబడుదురు. అది సరికాదు. నాలుగుచక్రముల బండి ఆయనను రక్షించినది. రెండుచక్రముల బండి పడద్రోసినది.

బర్మింగ్‌హాము చుట్టుప్రక్కల నుండిన బుద్ధిమంతులతో ఆయన యొక చిన్న గోష్ఠిని నడపెను. కర్మాగారాధిపతి మాత్యూ బోల్టన్, ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్స్ వాట్, పింగాణి చేయించు జోషయా వెడ్జ్‌వుడ్, ప్రాణవాయువును కనుగొన్నవారిలో నొకడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీ మొదలగువారు అందు సభ్యులు. పున్నమికి దగ్గఱదినమున కలిసెడివారు గనుక అది చాంద్రసభ యని పిలువబడెను. ఇందులో జ్యోతిషమేమియు లేదు. ప్రొద్దుపోయిన తర్వాత ఆ పాడుదారులలో బండ్లపై ఇండ్లకు పోవుటకు వెన్నెల కావలసియుండెను, అంతే.

1760 దశాబ్దమున ఎరాస్మస్ బోల్టన్‌కు ఒక ఉత్తరము వ్రాసి, గుఱ్ఱములు లేకుండ ఆవిరిబలముచే నడచు అగ్నిరథ మొకటి చేయవచ్చునని సూచించెను. అది తయారు కాలేదు. కాని చక్రములు తిరుగు తీరు కనుగొన్న మనుష్యుడే, గుఱ్ఱము లేని బండిని కూడ ఊహించెనన్న మాట. గాలిమర, మాటలాడు యంత్రము, వ్రాసినదానికి నకలు తీయు యంత్రము, ఇట్లు ఆయన తలపెట్టినవి పెక్కు. కాని ఒక్కదానికైనను ఆయన పేటెంటు తీసికొనలేదు. యంత్రములతో ఆడుకొను వైద్యునియందు రోగులకు నమ్మకము తగ్గునని ఆయన భయము. ఆ భయమును తప్పుపట్టలేము. పెద్ద సంసారము, కుంటికాలు, రోగుల రాకచేతనే జరుగు జీవనము. నాటింగ్‌హాములో ఖాళీగది యెదుట కూర్చుండిన దినములను ఆయన మఱచియుండడు. అయినను ఆ భయమునకు చెల్లించిన వెల తక్కువది కాదు.

ఆ వెల ఎట్టిదో తెలియుటకు కథలో కొంచెము ముందునకు పోవలయును. ఎరాస్మస్ గతించిన పదునాలుగేండ్లకు, 1816లో, జర్మనీ దేశమున మ్యూనిక్ నగరపు బండ్ల వడ్రంగి జార్జి లాంకెన్‌స్పెర్గర్ అదే యమరికను తనంతట తాను మరల కనిపెట్టెను. లండనులో అతని ప్రతినిధిగా నుండిన రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో ఇంగ్లండున పేటెంటు తీసికొనెను. ఆకర్‌మన్ బండ్ల రూపకల్పన మెఱిగిన సమర్థుడు, చిత్రపటములు ప్రచురించి ధనమార్జించిన వర్తకుడు. కాని ఈ యమరికను కనిపెట్టినవాడు కాడు. కాగితముమీద నున్న పేరే లోకమున నిలిచెను. గుఱ్ఱపుబండ్లవారు దానిని అంతగా ఆదరింపలేదు కూడ. 1873లో ఫ్రాన్సు దేశపు అమెడీ బొలే తన ఆవిరిబండికి ముందుచక్రములను వేఱువేఱు కీళ్లపై త్రిప్పెను. 1886లో కార్ల్ బెంజ్ తన మొదటి మోటారుబండిని మూడు చక్రములతోనే విడుదల చేయుటకు ఒక కారణము, నాలుగు చక్రములకు తగిన స్టీరింగు ఆయనకు కుదరకపోవుటయే. 1893లో కీళ్ల స్టీరింగునకు పేటెంటు పొందిన తర్వాతనే ఆయన నాలుగుచక్రముల బండి వెలువడెను.

నేటి కారులోను ఆ కీళ్లు, ఆ కమ్మి, ఆ కోణభేదము నున్నవి. పందెపుకార్ల పనివారు స్టీరింగు చుఱుకుగా నుండుటకు, చక్రపుకీలునుండి కమ్మివఱకు గల చేతిని పొట్టి చేయుదురు. లేదా స్టీరింగు పండ్లచక్రపు నిష్పత్తిని మార్చుదురు. అప్పుడు చేతిలోని చక్రమును కొంచెము త్రిప్పినను ముందుచక్రములు ఎక్కువగా తిరుగును. దానికి తగినట్లు చేతికి బరువును పెరుగును. ఆ చేతులను మార్చునపుడు వాని వాలును చూచుకొనవలయును. చక్రములు తిన్నగా నున్నపుడు ఆ రెండు చేతుల గీతలును పొడిగించినచో వెనుక ఇరుసు నడుమకు చేరువగా కలియుట సామాన్య నియమము. ఆ వాలు తప్పినచో ఎరాస్మస్ కనుగొన్న కోణభేదమే చెడిపోవును. మిక్కిలి వేగమున టైర్లు ప్రక్కకు కొంత జారుచుండును, బరువు వెలుపలి చక్రముమీదికి ఒరగును. కాబట్టి కొన్ని పందెపుకార్లలో ఈ భేదమును కావలెననియే తగ్గింతురు. ఇది పందెపు మైదానములకు సంబంధించిన సంగతి. తయారుచేసినవారు నిర్ణయించిన విధమునకు విరుద్ధముగా వాహనములను మార్చుటను మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమున నిషేధించుచున్నది.

ఇక మరల వైద్యుని కథకు వత్తము. 1770లో ఆయన భార్య మేరీ మరణించెను. 1778లో పెద్దకుమారుడు ఛార్లెస్ ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించుచు, శవపరీక్షలో తగిలిన గాయము విషమించి, ఇరువదేండ్లకు ముందే గతించెను. ఎందఱి బిడ్డలనో కాపాడిన తండ్రి తన బిడ్డను కాపాడుకొనలేకపోయెను. 1781లో ఎలిజబెత్ పోల్ అను ఆమెను ద్వితీయవివాహము చేసికొని, పిమ్మట డెర్బీ పట్టణమునకు నివాసము మార్చెను. అక్కడ 1783లో మఱియొక విజ్ఞానసభను స్థాపించెను. వృక్షముల జీవితమును పద్యములుగా వ్రాసి కవిగా ప్రసిద్ధికెక్కెను. 1794లో వెలువడిన జూనోమియా యను వైద్యగ్రంథమున, ఉష్ణరక్తము గల జంతువులన్నియు ఒకే మూలమునుండి క్రమముగా పరిణమించి యుండవచ్చునని సూచించెను. అది మనుమడు పుట్టుటకు పదునైదేండ్లకు ముందు మాట. నీగ్రో బానిసల వ్యాపారమును తన పద్యములలో ఖండించెను. తన కుమార్తె లిద్దఱు బాలికల పాఠశాల నడపుటకు పూనుకొనగా, వారికొఱకు 1797లో బాలికల విద్యనుగూర్చి యొక పుస్తకము వ్రాసి, ఆటలు, వ్యాయామము, శాస్త్రములు బాలికలకును కావలెనని వాదించెను.

1802 వసంతమున కుటుంబముతో డెర్బీకి కొలది మైళ్ల దూరముననున్న బ్రెడ్‌సాల్ ప్రయరీ యను పల్లెటింటికి చేరెను. వయస్సు డెబ్బది. ఏప్రిలు 17వ తేదీ వేసి ఎడ్జ్‌వర్తుకు ఉత్తరము మొదలుపెట్టెను. ఇల్లు మాఱి రెండు వారములైనదనియు, కొత్తచోట లోయయు చేపల చెఱువులును మనోహరముగా నున్నవనియు అందు తెలిపెను. మఱునాడు ఉదయము పెందలకడ లేచి మరల వ్రాయ కూర్చుండెను. ఏడుగంటల ప్రాంతమున వణుకు వచ్చెను. తొమ్మిది కాకమునుపే ప్రాణము విడిచెను. ఆ యుత్తరమును అట్లే మడిచి, మిగిలిన చోట మరణవార్తను మఱియొకరి చేతివ్రాతతో చేర్చి, ముప్పదియాఱేండ్ల క్రిందట ఒక బండిని చూడవచ్చిన స్నేహితునికి ఐర్లండునకు పంపిరి.